టూకీగా చెప్పే పిల్ల

క్లినిక్కులో డాక్టరు చాలాసేపు మాట్లాడాడు. చేతులు తిప్పాడు, గోడ మీద గుండె బొమ్మ చూపించాడు, ఒకసారి తన పొట్ట మీద తనే తట్టుకుని నవ్వాడు కూడా. మధ్యమధ్య ఒబ్దూలియా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. ఆమె కూడా మర్యాదకి నవ్వింది. అంతా అయ్యాక, పక్క కుర్చీలో కాళ్లు ఊపుకుంటూ కూర్చున్న మనవరాలి వైపు తిరిగింది.

"ఏమంటున్నాడే?"

"ఉప్పు తగ్గించమంటున్నాడు," అంది సిత్లాలి.

"అంతేనా? ఇంతసేపూ ఉప్పు గురించేనా? ఆ పొట్ట మీద కొట్టుకోవడం ఏమిటి మరి?"

"అది కూడా ఉప్పు గురించే అమ్మమ్మా."

ఇంటికొచ్చే దారంతా ఒబ్దూలియా సణుగుతూనే ఉంది. ఆమెకు మాటంటే ప్రాణం. పొద్దున తోర్తియా రొట్టెలకి పిండి కలుపుతూ మొదలుపెడితే, సాయంత్రం సీరియల్ చూసి, ఆ చూసినదాన్ని ఇంట్లోవాళ్లకి మళ్లీ మొదటినుంచి చెప్పి గానీ ఊరుకోదు. ఆ సీరియల్‌ని వాళ్లందరూ తనతోపాటే చూశారన్న సంగతి ఆమెకు అడ్డం కాదు. అలాంటి మనిషి ఇంట్లో ఈ పిల్ల ఎలా పుట్టిందో! అడిగితే ఒక్క ముక్క, అడక్కపోతే అదీ లేదు.

లాస్ పలోమితాస్ సరిహద్దు ఊరు, ఇక్కడ ఇంగ్లీషుతో పెద్దగా పని పడదు. కొట్లో, చర్చిలో, తపాలా ఆఫీసులో, ఆదివారం సంతలో అందరిదీ స్పానిషే. నదికి అవతలి దేశంలో ఏ మాటో ఇవతలా అదే. పై ఊళ్లనుంచి వచ్చిన డాక్టర్లు, పళ్లు పీకే ఆయన, ఫోన్లో దొరికే కరెంటు కంపెనీవాళ్లు, వీళ్ల దగ్గరే చిక్కు. ఒబ్దూలియా కూతురు నొరాల్వా పగలంతా మంచాన పడ్డ ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్లకు స్నానం చేయించి, తినిపించి వస్తుంది. ఆమెకు తీరిక ఉండదు. అందుకని సిత్లాలి ఒకటో తరగతినుంచీ అమ్మమ్మకు నోరూ చెవీ అయింది. ఇప్పుడు ఆరో తరగతి.

జనవరిలో సెలవులయ్యి బడి తెరవగానే మిస్ త్రెవీన్యో కబురు పంపింది. ఇంగ్లీషు ఇంకా పూర్తిగా రాలేదని బడి లెక్కగట్టిన పిల్లలకు విడిగా క్లాసు చెప్పే టీచరు ఆమె. ఈ ఊరి పిల్లే, ఈ బడిలోనే చదువుకుంది. నొరాల్వా పనినుంచి వచ్చాక ముగ్గురూ కలిసి వెళ్లారు. పిల్లల కుర్చీల్లో ఒబ్దూలియా పట్టదు కనక, టీచరు తన కుర్చీ ఆమెకిచ్చి తాను బల్ల మీద కూర్చుంది.

"సిత్లాలి చదివితే చూడాలి దోన్యా ఒబ్దూలియా. ఆరో తరగతి మొత్తంలో అంత బాగా చదివేవాళ్లు ఒకళ్లో ఇద్దరో. బాగా రాస్తుంది. విన్నది ఇట్టే పట్టేస్తుంది. మాట్లాడటం దగ్గరే వచ్చింది తంటా."

"పోయినేడూ ఇదే చెప్పారు మిస్," అంది నొరాల్వా.

"అంతకు ముందేడు కూడా చెప్పే ఉంటారు. కదలడం లేదు. పరీక్షలో ఏమవుతుందంటే, పిల్లలందరూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. తెర మీద బొమ్మలొస్తాయి. వాటిలో ఏం జరుగుతోందో మైకులో చెప్పాలి. మొన్న ప్రాక్టీసు పెట్టాను. ఒక కుర్రాడి కుక్క తప్పిపోతుంది, పాపం ఊరంతా తిరుగుతాడు, వాన పడుతుంది, చివరికి బేకరీ వెనకాల దొరుకుతుంది. మన పిల్ల ఏం చెప్పిందో తెలుసా? 'కుక్క పోయింది. దొరికింది.' చెప్పేసి చేతులు కట్టుకుంది. ఇంకా బోలెడు టైముంది."

"నిజమే కదా మరి. పోయింది, దొరికింది. తప్పేముంది?" అంది ఒబ్దూలియా.

"తప్పేమీ లేదు. కానీ ఆ టేపు ఎక్కడో కూర్చుని వినేవాళ్లకి పిల్ల ఎవరో తెలియదు కదా. రెండు ముక్కలు విని, దీనికి ఇంగ్లీషు రాదనుకుంటారు."

సిత్లాలి కిటికీలోంచి బయటికి చూస్తోంది. వరండాకి అవతల సంగీతం గదిలో మాస్టారు లాసరో బడి అయ్యాక కూడా పిల్లలచేత వయొలిన్లు, బూరలు, గిటార్ల మరియాచి మేళం వాయింపిస్తున్నాడు. బూరలు ఒకచోట తడబడి ఆగాయి, మళ్లీ మొదలయ్యాయి. పిల్ల కళ్లు అటే ఉన్నాయి.

అసలు గొడవ అదే. మరియాచి క్లాసు, మిస్ త్రెవీన్యో క్లాసు ఒకే గంటలో ఉంటాయి. ఇంగ్లీషు లెక్కలో ఉన్నంతకాలం పిల్ల ఇక్కడ కూర్చోవాల్సిందే. మాస్టారు లాసరో కొత్తవాళ్లని ఆరులో, ఏడులో తప్ప తీసుకోడు. ఎనిమిదికి వచ్చేసరికి పోటీలకి తయారుచేయాలి, అప్పుడిక మొదటినుంచి నేర్పే ఓపిక ఆయనకి లేదు. ఆరు ఎలాగూ పోయింది. మార్చిలో వచ్చే పరీక్ష కూడా పోతే సిత్లాలికి ఇక ఆ గదిలో చోటు లేదు.

"ఇంకో దారి ఉంది," అంది టీచరు కొంచెం ఇబ్బందిగా. "ఈ క్లాసు మా పిల్లకి వద్దని తల్లి రాసివ్వచ్చు. మీకు ఆ హక్కుంది. నేను చెప్పకపోతే తప్పవుతుందని చెబుతున్నాను."

"వద్దు మిస్," అంది నొరాల్వా వెంటనే. "నన్నలాగే వదిలేశారు. మాట్లాడుతోంది కదా, వచ్చేసిందిలే అనుకుని తీసుకెళ్లి అందరితో కూర్చోబెట్టారు. అర్థమైనట్టు తలూపుతూ బడి అయిందనిపించాను. నా పిల్ల తలూపక్కర్లేదు. నేర్చుకునే బయటపడాలి."

బయటికి వస్తుంటే ప్రిన్సిపాల్ జమరీపా గేటు దగ్గర ఎదురయ్యాడు. రిటైరవడానికి దగ్గర్లో ఉన్న మనిషి. ప్రభుత్వం ఏటా ప్రతి బడికీ ఒక గ్రేడు ఇస్తుంది. పోయినేడు ఈ బడికి 'సి' వచ్చింది. ఇంగ్లీషులో పైమెట్టు ఎక్కని పిల్లల వల్లే అంత కిందికి జారిందని పేపర్లో కూడా రాశారు. అప్పటినుంచీ ఆయన నవ్వు సగమే వస్తోంది.

"ఏం దోన్యా, మా పరువంతా మీ మనవరాలి నోట్లో ఉందట?"

"దాని నోట్లో పడిందేదీ బయటికి రాదు సార్. ఇంకెక్కడైనా దాచుకోండి."

కారెక్కాక ఒబ్దూలియా వెనక్కి తిరిగి పిల్లని అడిగింది.

"ఆ మరియాచిలో ఏం వాయిద్దామని నీకు? వయొలినా?"

"గితరోన్."

"ఆ పెద్ద పొట్ట గిటారా? నువ్వెంత, అదెంత! దాని వెనకాల నువ్వు కనపడవు కూడానూ. అన్నీ వదిలేసి అదెందుకే?"

"అది ఎక్కువ మాట్లాడదు. ఒక్కొక్క దెబ్బే. కానీ అది ఆగిపోతే మిగతావాళ్లందరూ దారి తప్పుతారు."

ఒబ్దూలియా సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి పిల్లనే చూసింది. ఆ పిల్ల నోటివెంట అంత పొడుగు మాట రావడం ఆమె ఎరగదు.

ఆ వారంలోనే ఇంట్లో కరెంటు ఉండుండి పోతుంటే కంపెనీకి ఫోన్ చేయాల్సి వచ్చింది. ఒబ్దూలియా పక్కన నిలబడి చెప్పుకుపోయింది. "చెప్పు, మూడ్రోజులనుంచీ ఫ్రిజ్‌లో మాంసం చెడిపోతోందని చెప్పు. పక్కింటి ఫకుందో వాళ్లకి బానే ఉందని, మాకే ఎందుకిలా అవుతోందని అడుగు. మీకు అమ్మా అక్కా లేరా, చీకట్లో ముసలిదాన్ని కూర్చోబెట్టారు, మీ కంపెనీకి దోమలు పట్టిపోనూ అని తిట్టు."

సిత్లాలి ఫోన్లో ఏదో చిన్నగా చెప్పింది. అవతల ఆడగొంతు చాలాసేపు పలికింది. పిల్ల ఫోన్ పెట్టేసింది.

"శుక్రవారం వస్తారట."

"దోమల సంగతి చెప్పావా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"మాంసం సంగతి?"

"కరెంటు పోతోందని చెప్పాను."

"అంతేనా! మరి నేను అన్నవన్నీ?"

సిత్లాలి తల వంచుకుని వేళ్లతో బల్ల గీకుతూ మెల్లిగా అంది. "అన్నీ చెబితే వాళ్లకి కోపం వస్తుంది అమ్మమ్మా. నువ్వు పళ్ల డాక్టర్ని కసాయివాడి చేతులన్నావు. థాంక్స్ చెబుతోందని చెప్పాను. వాళ్లు కూడా నిన్ను ఏదో ఒకటి అంటారు. అవి చెబితే నీకు కోపం వస్తుంది. అందుకని పని మాత్రమే చెబుతాను."

ఒబ్దూలియా కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్లుగా ఎంతమందిని ఎన్ని మాటలందో ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. రేషన్ ఆఫీసు ఆవిడ. కళ్లజోళ్లవాడు. కారు ఇన్సూరెన్సు పిల్లాడు. వాళ్లందరూ తనని చూసి అంత హాయిగా ఎందుకు నవ్వేవారో ఇప్పుడు తెలిసింది.

"నా తిట్లన్నీ బూడిదలో పోశావా!" అంది ఆఖరికి. మళ్లీ తనే పకపకా నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాక ఆ నవ్వు ఎటో పోయింది. పిల్లకి ఆరేళ్లప్పుడు తనకి ఆపరేషన్ చేసిన రోజు జ్ఞాపకం వచ్చింది. డాక్టరు చెప్పినదంతా ఆ చిన్నది భయంభయంగా అప్పజెబుతుంటే, మంచం మీదనుంచి తనే కసిరింది: అదంతా నాకెందుకే, బతుకుతానా చస్తానా, అది చెప్పు చాలు. "బతుకుతావు," అని చెప్పి పిల్ల ఏడ్చేసింది. అంతే. అప్పటినుంచీ అది అలాగే చెబుతోంది.

"పరీక్షలో కుక్క పోయింది, దొరికింది అన్నావు చూడూ. అదీ ఇలాగేనా?"

"వాళ్లకి బొమ్మ కనపడుతూనే ఉంటుంది కదా. మళ్లీ అంతా చెప్పడం ఎందుకు?"

ఆ సాయంత్రం సీరియల్ అయిపోగానే ఒబ్దూలియా టీవీ కట్టేసింది. ఎప్పటిలా కథ తాను ఎత్తుకోకుండా, సిత్లాలిని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఇవాళ కథ నువ్వు చెప్పు. ఇంగ్లీషులో."

"నీకు ఇంగ్లీషు రాదుగా?"

"సీరియల్ వచ్చుగా! కానియ్."

వంటింట్లో గిన్నెలు తోముతున్న నొరాల్వా తల బయటికి పెట్టి చూసింది. సిత్లాలి నాలుగు ముక్కలు చెప్పి ఆగింది.

"అయిపోయిందా? హెనోవేవా అత్త పేరే రాలేదు. ఆవిడ చెవిపోగులు ఏమయ్యాయి? పనివాడు తలుపు చాటునుంచి విన్నాడా లేదా? పెళ్లికూతురు మెట్ల మీద జారలేదా? ఇంగ్లీషులో మెట్లు ఉండవా ఏం?"

"అమ్మా, పడుకోనీ దాన్ని," అంది నొరాల్వా.

"చెవిపోగులు వచ్చేదాకా ఎవరూ పడుకోరు."

మొదట్లో పిల్ల చెవిపోగుల దగ్గరే ఆగిపోయేది. తర్వాత్తర్వాత మెట్ల దాకా వచ్చింది. ఒబ్దూలియాకి ఒక్క మాట అర్థమయ్యేది కాదు. పేర్లు పట్టుకుని, పిల్ల మొహం చూసుకుంటూ వెంట నడిచేది. ఎక్కడన్నా ఒక మనిషి పేరు దాటిపోతే చెయ్యెత్తి ఆపేది. అత్త ఏడ్చిన చోట పిల్ల గొంతు మామూలుగా ఉంటే, "ఏడవాలి కదా అక్కడ, మర్చిపోయావా?" అనేది. ఒకరోజు సిత్లాలి ఉన్నట్టుండి లేచి, పెళ్లికూతురు జారినట్టు సోఫా మీంచి కిందికి జారింది. ఇంగ్లీషు ఆపకుండానే జారింది. నొరాల్వా తడి చేతులతోనే చప్పట్లు కొట్టింది.

పరీక్ష గదిలో అందరూ ఒకేసారి మాట్లాడుతుంటారని, ఆ గోలకి తనకి సిగ్గేసి గొంతు తగ్గిపోతుందని పిల్ల చెప్పింది. ఒబ్దూలియా ఆ మర్నాడే పక్కింటి ఫకుందోని పిలిపించింది. ఆయన బేస్‌బాల్ మ్యాచి రేడియోలో పెట్టుకుని వచ్చాడు. ఇటు రేడియో అరుస్తోంది, అటు ఫకుందో అంపైరుని బూతులు తిడుతున్నాడు, మధ్యలో సిత్లాలి గొంతు చించుకుని హెనోవేవా అత్త రహస్యం చెబుతోంది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు.

ఫిబ్రవరిలో బడి గ్రేడు గురించి ఊరివాళ్లతో మాట్లాడాలని ఒక మీటింగు పెట్టారు. పిల్లలు అన్నాలు తినే హాల్లో కుర్చీలు వేశారు, బల్ల మీద కాఫీ, తీపి రొట్టెలు ఉంచారు. పై ఆఫీసునుంచి టై కట్టుకున్న ఒకాయన వచ్చి తెర మీద గీతలు, రంగురంగుల పెట్టెలు చూపించాడు. స్పానిష్‌లో చెప్పాల్సిన ఆవిడకి జ్వరమట, రాలేదు. జనం మర్యాదగా కూర్చుని రొట్టెలు తిన్నారు. ప్రశ్నలుంటే అడగమన్నట్టు ఆయన చేతులు చాపగానే ఒబ్దూలియా లేచి నిలబడింది. నొరాల్వా ఆమె గౌను అంచు పట్టుకుని లాగింది.

"కూర్చో అమ్మా!"

"నువ్వు ఊరుకో. సిత్లాలీ, లే. ఇంగ్లీషు క్లాసూ మరియాచి క్లాసూ ఒకే గంటలో ఎవడు పెట్టాడో అడుగు. ఇంగ్లీషు తక్కువైన పిల్లకి చెవులు కూడా తక్కువని ఎవడు చెప్పాడో అడుగు. ఈ పెట్టెలన్నిట్లో మా పిల్ల ఏ పెట్టెలో ఉందో చూపించమను. ఆ టై మెడకి మరీ బిగిసి మెదడుకి గాలి అందడం లేదేమో, అదీ అడుగు."

సిత్లాలి లేచింది. అమ్మమ్మ మొహంలోకి చూసింది. "అంతా చెప్పనా?"

"అంతా."

పిల్ల చెప్పింది. మొదటి మాటలు మెల్లిగా వచ్చాయి, తర్వాత గొంతు హాలంతా వినపడింది. టై దగ్గరికి వచ్చేసరికి ముందు ఇంగ్లీషు వచ్చినవాళ్లు నవ్వారు, వాళ్లు పక్కవాళ్లకి చెప్పాక మిగతా సగం హాలు నవ్వింది. ఆయన మెడ తడుముకున్నాడు. పాపం ఎర్రబడ్డాడు గానీ కోప్పడలేదు. చాలాసేపు జవాబు చెప్పాడు. హాలంతా సిత్లాలి వైపు తిరిగింది.

"ముందు, మంచి ప్రశ్న అడిగారంటున్నాడు. తర్వాత పిల్లలందరూ పైకి రావడమే మా ఆశ అంటున్నాడు. గంటలు పెట్టేది తాము కాదట, జిల్లావాళ్లట. జిల్లావాళ్లేమో బస్సుల టైమును బట్టి పెడతారట. తర్వాత మళ్లీ ఒకసారి మంచి ప్రశ్న అన్నాడు. అన్ని సంగతులూ రాసుకున్నానన్నాడు, కానీ ఆయన చేతిలో పెన్ను లేదు. టై వాళ్లావిడ కొన్నదట."

హాలు ఘొల్లుమంది. ఆయన కూడా నవ్వాడు.

"ఆవిడకి మంచి అభిరుచి ఉందని చెప్పు," అంది ఒబ్దూలియా కూర్చుంటూ. "కట్టుకోవడం కూడా ఆవిణ్నే నేర్పమని చెప్పు."

మీటింగు అయ్యాక జమరీపా కాఫీ కప్పుతో వచ్చాడు. "ఈ పిల్లేనా మైకు ముందు నోరు విప్పనిది?"

"విన్నారుగా. వేసెయ్యండి మార్కులు."

"నా చేతిలో ఉంటే ఇప్పుడే వేద్దును దోన్యా. ఇక్కడ మాట్లాడింది లెక్కలోకి రాదు. ఆ కంప్యూటరు ముందు మాట్లాడిందే లెక్క." ఆయన కప్పులో కాఫీ తిప్పాడు. "మా చిన్నప్పుడు ఈ హాల్లోనే, స్పానిష్ మాట్లాడినందుకు నన్ను బెత్తంతో కొట్టారు."

"ఇప్పుడు బెత్తం లేదు, గ్రేడుతో కొడుతున్నారు. ఈసారి దెబ్బలు మీకు కూడానూ," అంది ఒబ్దూలియా. ఆ మాట కాస్త మెత్తగానే అంది. ఒక తీపి రొట్టె కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టింది.

మార్చిలో పరీక్ష రోజున సిత్లాలి ఇంటికి వచ్చి సంచీ పడేసి వెనక మెట్ల మీద కూర్చుంది. ఒబ్దూలియా పొయ్యి తగ్గించి వెళ్లి పక్కన చతికిలబడింది.

"ఏమైందే?"

"బోలెడు చెప్పాను."

"మరింకేం?"

"ఎక్కువైంది." పిల్ల మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుంది. "సంతలో ఒక ముసలావిడ బొమ్మ వచ్చింది. ఆవిడ టోపీ చెప్పాను, బుట్ట చెప్పాను, ఆవిడకి ఎందుకు కోపమొచ్చిందో చెప్పాను, వాళ్లాయన సంగతి కూడా చెప్పాను. బొమ్మలో వాళ్లాయన లేడు అమ్మమ్మా, నేనే కల్పించాను. ఆవిడ ఏం కొందో చెప్పబోతుంటే టైమైపోయి ఆగిపోయింది. తర్వాత బొమ్మక్కూడా అంతే. దేనికీ చివర చెప్పలేదు."

ఇది పిల్ల తప్పు కాదు, ఆ తీరు ఎవరిదో ఒబ్దూలియాకి తెలుసు. హెనోవేవా అత్త, చెవిపోగులు, మెట్లు. వాళ్లడిగింది ఒక సంతబొమ్మ. పిల్లని పట్టుకుని తనలాగే తయారుచేసి పంపింది.

మిస్ త్రెవీన్యోని అడిగితే, మే చివర్లో గానీ ఫలితాలు రావని, అప్పటిదాకా తనకూ ఏమీ తెలియదని చెప్పింది. ఒబ్దూలియా ఇంటికి వచ్చి మాట్లాడటం తగ్గించేసింది. పిండి నోరు మూసుకునే కలిపింది. సీరియల్ అయ్యాక టీవీ కట్టేసి వెళ్లి పడుకుంది. నొరాల్వా మొదట తల్లి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, తర్వాత ఉప్పు మానేసినందుకే ఇలా అయిందేమోనంది. ఫకుందో గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏమ్మా, ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడిగాడు. దానికి కూడా ఒబ్దూలియా ఒక్క తిట్టు తిట్టలేదు.

నాలుగైదు రోజులు చూసి, ఒక పొద్దున సిత్లాలి వచ్చి పిండి బల్ల పక్కన నిలబడింది. ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టింది. బడి బస్సులో డ్రైవరు రామీరో కొత్తగా పాడుతున్న పాట, లెక్కల సారుకి వచ్చిన తుమ్ములు, తన పక్కన కూర్చునే దలీలా వాళ్లమ్మకి మళ్లీ కవలలు పుట్టబోతుండటం, వాళ్లకి పెట్టబోయే పేర్లు, ఆ పేర్ల మీద వాళ్లింట్లో జరుగుతున్న యుద్ధం. తోర్తియాలు కాలుతున్నంతసేపూ చెప్పింది. ఒబ్దూలియా పెనం మీదనుంచి కళ్లు తిప్పకుండా విన్నది.

"దలీలా వాళ్ల నాన్నమ్మ ఏమంది మరి?" అంది చివరికి, ఉండబట్టలేక.

"అదే చెబుతున్నాను, ఉండు!"

"ఉండమంటావేమిటే, నేను అడక్కూడదా?"

"మధ్యలో అడిగితే నాకు తప్పిపోతుంది."

ఒబ్దూలియా తోర్తియా తిరగేసి, చేత్తో నోరు మూసుకున్నట్టు చూపించింది. వంటింటి గుమ్మంలో నొరాల్వా పనికి ఆలస్యమవుతున్నా కదలకుండా నిలబడింది.

మే చివర్లో మిస్ త్రెవీన్యో ఇంటికే వచ్చింది. కారు దిగి పరుగులాంటి నడకతో లోపలికి వచ్చి, కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"వచ్చింది! మాట్లాడటంలో పై మెట్టు. దాని పేరు ఇక మా లెక్కలో ఉండదు. నొరాల్వా ఒప్పుకుంటే ఆగస్టునుంచి మరియాచే."

నొరాల్వా కుర్చీ వెనక పట్టుకుంది. సిత్లాలి గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

"మరి చివర చెప్పలేదంది కదా?" అంది ఒబ్దూలియా అనుమానంగా. "ఆ ముసలావిడ ఏం కొందో కూడా చెప్పలేదట."

"చివర అక్కర్లేదు దోన్యా. వాళ్లకి కథతో పనిలేదు. ఎంతసేపు మాట్లాడింది, ఎంత తేటగా మాట్లాడింది, అది చూస్తారంతే."

"చివర లేకపోయినా ఫరవాలేదా?" ఒబ్దూలియా ముక్కు మీద వేలేసుకుంది. "ఏం మనుషులమ్మా! కథ ఎటు పోయిందో కూడా పట్టదా వాళ్లకి?"

నొరాల్వా మాత్రం టీచరు చెయ్యి వదల్లేదు. రేపు పిల్ల వెనకబడితే చూస్తారా, ఎవరు చూస్తారు, ఎప్పుడు చూస్తారు అని ఒకదాని మీద ఒకటి అడిగింది. రెండేళ్లపాటు తానే కనిపెట్టి ఉంటానని, మార్కులు తగ్గితే మళ్లీ తన దగ్గర కూర్చోబెట్టుకుంటానని మిస్ త్రెవీన్యో చెప్పాక గానీ సరేననలేదు. టీచరు వెళ్లేటప్పుడు సిత్లాలి గేటు దాకా వెంట వెళ్లింది. అక్కడ వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో గానీ చాలాసేపు మాట్లాడుకున్నారు. మిస్ త్రెవీన్యో కారెక్కాక కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం ఒబ్దూలియా కిటికీలోంచి చూసింది.

ఆగస్టులో బడికి మళ్లీ 'సి'యే వచ్చింది. ఒక సాయంత్రం నొరాల్వాతో కలిసి పిల్లని తీసుకెళ్లడానికి వచ్చిన ఒబ్దూలియా గేటు దగ్గర ప్రిన్సిపాల్‌ని పట్టుకుంది.

"మరి మా పిల్ల ఎక్కిన మెట్టు ఎటు పోయింది సార్?"

"లెక్కలోనే ఉంది దోన్యా. కానీ ఇంకా చాలామంది కుక్క పోయింది, దొరికింది దగ్గరే ఉన్నారు."

"పంపండి మా ఇంటికి. కొత్త సీరియల్ మొదలైంది."

జమరీపా నవ్వాడు. ఈసారి నవ్వు సగానికి పైనే వచ్చింది.

అప్పుడే సంగీతం గది తలుపులోంచి గితరోన్ ఒకటి బయటికి వచ్చింది. దాని కింద రెండు కాళ్లు, పక్కన ఒక చెయ్యి తప్ప మనిషి కనపడటం లేదు. అది అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి నొరాల్వా చిన్న కారు ముందు ఆగింది.

"ఇంటికి తీసుకెళ్లి సాధన చేయమన్నారు మాస్టారు," అంది దాని వెనకనుంచి సిత్లాలి.

డిక్కీలో పెట్టి చూశారు, మూత పడలేదు. వెనక సీట్లో అడ్డంగా పెట్టారు, తలుపు పడలేదు. నిలబెడితే కప్పుకి తగిలింది. నొరాల్వా చెమట తుడుచుకుని తల్లి వైపు చూసింది. ముందు సీటు ఒబ్దూలియాది. ఆ కారు కొన్ననాటినుంచీ అందులో ఇంకెవరూ కూర్చోలేదు.

"ఏమిటలా చూస్తావు? పెట్టు, పెట్టు," అంది ఒబ్దూలియా. "వెనక్కి కాస్త వాల్చు, మెడ విరిగేను."

గితరోన్‌ని ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టారు. ఒబ్దూలియా వెనక సీట్లోకి మోకాళ్లు మడిచి, మూలుగుతూ, మనవరాలి పక్కన ఇరుక్కుంది. కారు గేటు దాటుతుండగానే పిల్ల చెయ్యి పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఎర్రగా కందిన వేలి కొసలు ఒక్కొక్కటే చూసింది.

"నొప్పిగా ఉందా?"

"ఉంది. కానీ మూడు స్వరాలు వచ్చాయి. మొదటిది ఎలా వచ్చిందంటే..."

ఇంటి మలుపు వచ్చేసరికి పిల్ల ఇంకా మొదటి స్వరం దగ్గరే ఉంది. నొరాల్వా కారు తిప్పకుండా, తోటల పక్కనుంచి పోయే దూరపు దారి పట్టింది.